పదికి మూడు

చంద్రకాంత్ కోపిష్టి కాడు. ఆ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే జరిగినదంతా విన్నాక అతను ఎవరినో కొట్టాడనో తిట్టాడనో అనుకుంటారు. పద్దెనిమిదేళ్ల కాపురంలో భార్య జ్యోతి మీద గొంతు పెంచలేదు. కూతురు స్నిగ్ధ మీద చెయ్యెత్తలేదు. పటాన్‌చెరు పారిశ్రామికవాడలోని పరిశోధనశాలలో తన కింద పనిచేసేవాళ్లను పల్లెత్తు మాట అన్నది లేదు. అతను అడుగుతాడు, అంతే. మెల్లగా, కళ్లలోకి చూస్తూ ఒక్క ప్రశ్న అడిగి, జవాబు వచ్చేదాకా కదలకుండా నిలబడతాడు. ఇంతకంటే నాలుగు తిట్లు తిట్టి పంపిస్తే హాయి కదా అని అతని దగ్గర పనిచేసినవాళ్లంతా అనుకున్నారు. ఆ ముక్క అతనితో మాత్రం ఎవరూ అనలేదు.

అతని పని నొప్పి. ఎలుకల నొప్పి. మనిషికైనా ఎలుకకైనా ఎక్కడ దెబ్బ తగిలినా ఆ కబురు వెన్నుపాము మీదుగానే మెదడుకు చేరాలి. ఆ కబురును దారిలోనే ఆపడానికి శరీరం తనంతట తానే నల్లమందు లాంటిది తయారుచేసి వెన్నుపాములో దాచుకుంటుంది. దాని పేరు ఎన్‌కెఫలిన్. అది ఎక్కడెక్కడ ఉంది, ఎంతుంది, కాలు వాచిన ఎలుకలో ఎలా మారుతుంది అని పటం గీయడం చంద్రకాంత్ చేతిలోని ప్రాజెక్టు. వెన్నుపామును అడ్డంగా, కాగితం కంటే పల్చగా కోసి, రంగు పట్టించి మైక్రోస్కోపు కింద పెడితే సీతాకోకచిలుక రెక్కలు చాచినట్టు ఒక ఆకారం కనబడుతుంది. ఆ రెక్కల పై అంచున పచ్చగా మెరిసేదే ఎన్‌కెఫలిన్. ఏళ్ల తరబడి ఆ మెరుపును చూసి చూసి, నొప్పి గురించి ఇక తనకు తెలియనిదేమీ లేదన్న ధీమా అతనిలో పేరుకుపోయింది.

ఆ ధీమాను ఇంటికి కూడా తెచ్చుకున్నాడు. స్నిగ్ధకు ఏడేళ్లప్పుడు, వెలిమెలలో అప్పుడే కొన్న ఫ్లాటు కింద సైకిల్ నేర్చుకుంటూ పడింది. మోచెయ్యి గీరుకుపోయి, వెక్కి వెక్కి ఏడుస్తూ నాన్న దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. వేరే తండ్రి అయితే ఎత్తుకునేవాడు. ఇతను మోకాళ్ల మీద కూర్చుని, పిల్ల ముఖంలోకి చూశాడు.

"ఏడుపు ఆపి చెప్పు బిడ్డా. పదికి ఎంత?"

పిల్లకు అర్థం కాలేదు.

"సున్నా అంటే అసలు నొప్పి లేనట్టు. పది అంటే ఇగ ఓర్చుకోలేనంత. నీది ఎంత?"

"ఎనిమిది."

"ఎనిమిదంటే బొక్క ఇరిగినట్టు. నీకు తోలు లేచింది, అంతే. ఇది మూడు. ఇప్పుడు చెప్పు, ఎంత?"

"మూడు," అంది పిల్ల, ముక్కు తుడుచుకుంటూ.

ఆ తర్వాత స్నిగ్ధకు ఎప్పుడు ఏ నొప్పి వచ్చినా మూడే. పన్ను పీకించుకున్నా మూడే, కాలు బెణికినా మూడే. నా బిడ్డ గట్టిదని చంద్రకాంత్ చుట్టాలందరి దగ్గరా మురిసిపోయేవాడు. గట్టితనం వాళ్లకు వంశంలోనే ఉందని అతని నమ్మకం. సొంతూరు గడ్డపోతారంలో పొలాల పక్కన మందుల ఫ్యాక్టరీలు లేచి బోరునీళ్లు రంగు మారాక, అతని తండ్రి వెంకటేశం సాగు మానేసి ఆ ఫ్యాక్టరీల్లోనే ఒకదాంట్లో పనికి కుదిరాడు. ఒకనాడు యాసిడ్ పడి ముంజెయ్యి కాలితే, కట్టు కట్టించుకుని వచ్చి, ఎడమచేత్తో అన్నం కలుపుకుని తిన్నాడు. ఏమైందని ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. తాను కనీసం అడుగుతున్నాను కదా అని చంద్రకాంత్ అనుకునేవాడు. అడిగి, అంకె కూడా వేస్తున్నానని అతనికి గర్వం.

ఈ ఏడాది చలికాలం ముగిసే రోజుల్లో ల్యాబులో పని చిక్కుపడింది. ఎలుకల పరీక్ష చేసేది నిషిత అనే అమ్మాయి. సదాశివపేట నుంచి రోజూ బస్సులో వస్తుంది, నెమ్మదైన పిల్ల. పరీక్ష పెద్దదేం కాదు. ఎలుకను గాజుపలక మీద ఉంచి, కింది నుంచి పాదానికి సన్నని వేడి తగిలిస్తారు. చురుక్కుమనగానే ఎలుక కాలు తీసేస్తుంది, ఎంతసేపటికి తీసిందో మిషన్ చూపిస్తుంది. మరీ ఆలస్యమైతే కాలు కాలకుండా మిషనే ఆగిపోతుంది. మందు ఎక్కించి కాలు వాచేలా చేసిన ఎలుక చటుక్కున తీస్తుంది, బాగున్నది నింపాదిగా తీస్తుంది. ఈ తేడాను చూశాకే వెన్నుపాములు కోసి పటం గీయాలి.

దీనికి ఒక నియమం ఉంది. పరీక్ష చేసే మనిషి ముందుగా వారంపాటు రోజూ ఆ ఎలుకల దగ్గర కూర్చోవాలి. పంజరంలో చెయ్యి పెట్టి ఊరికే ఉండాలి. పట్టుకోకూడదు, తిప్పకూడదు, దేన్నీ పరీక్షించకూడదు. ఎలుకే వచ్చి వాసన చూసి, చేతి మీదికెక్కి, దిగి, ఈ మనిషితో భయం లేదని తెలుసుకోవాలి. ఆ నియమం రాసిపెట్టింది చంద్రకాంతే.

నిషిత అంకెలు ఒకనాడు ఒక తీరుగా, ఇంకోనాడు ఇంకో తీరుగా ఉన్నాయని అతనికి నచ్చలేదు. పైవాళ్లకు ఫలితాలు చూపించే గడువు దగ్గరపడుతోంది.

"నువ్వు లే, నేను చేస్త," అని తెల్లకోటు తొడుక్కుని కూర్చున్నాడు. వారంపాటు పంజరంలో చెయ్యి పెట్టుకుని కూర్చునే తీరిక ల్యాబుకు పెద్ద అయినవాడికి ఎక్కడిది? పరీక్ష రోజున వచ్చాడు, పరీక్ష చేశాడు, మీటింగులకు వెళ్లిపోయాడు. తర్వాతి పరీక్షకూ అంతే.

అతని చేతికింద ఎలుకలు రాయిలా ఉండిపోయాయి. పాదం ఉబ్బి ఎర్రబడినవి కూడా వేడి తగులుతుంటే కాలు కదపలేదు.

"చూసినవా? మన చెయ్యి స్థిరంగ ఉంటే ఎలుక స్థిరంగ ఉంటది," అన్నాడు.

"అవును సార్," అంది నిషిత.

మురిపెం ఎక్కువకాలం నిలవలేదు. వాచిన కాలికీ బాగున్న కాలికీ తేడా లేకపోతే పరీక్షకు అర్థమే లేదు. వాపు తెప్పించే మందు సరిగా ఎక్కించలేదని నిషితను నిలబెట్టి అడిగాడు. ఆమె ఎలా ఎక్కించిందో మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. వాపు కళ్లముందు కనబడుతూనే ఉంది. తర్వాత వెన్నుపాముల స్లైడ్లు వచ్చాయి. రెక్కల అంచున పచ్చదనం, ఉతికి ఉతికి వెలిసిన చీర అంచులా ఉంది. కాలు వాచినవాటిలో అలా ఉందంటే సరే, ఏ వాపూ లేని ఎలుకల్లోనూ అదే తీరు. దాచుకున్నదంతా దేనికో ఖర్చు పెట్టేసుకున్నట్టున్నాయి. రంగు పాతబడిందన్నాడు చంద్రకాంత్. కొత్తది తెప్పించారు. మళ్లీ అదే. ఆ వారమంతా అతని ముఖంలోకి చూసే ధైర్యం ల్యాబులో ఎవరికీ లేకపోయింది.

అలాంటి ఒక సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి జ్యోతి తలుపు దగ్గరే ఎదురైంది.

"పిల్లకు మధ్యాహ్నం సంది కడుపునొప్పి. మెలికలు తిరుగుతున్నది. రెండుసార్లు కక్కింది. దవాఖానకు పోదాం పా."

"రేపు దానికేం పరీక్ష ఉంది?"

"ఫిజిక్సు. గా పరీక్షకూ గీ కడుపునొప్పికీ ఏం సంబంధం?"

"ఆగు, చూస్త."

హాల్లోకి మూలుగు వినబడుతోంది. చంద్రకాంత్ గదిలోకి అడుగుపెట్టగానే ఆగిపోయింది. స్నిగ్ధ లేచి కూర్చుంది. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది, రుద్రారం దగ్గరి కాలేజీలో. ఈమధ్య కాలంలో తండ్రి ఆమె గదిలోకి వచ్చాడంటే మార్కుల సంగతి అడగడానికే.

"ఎక్కడ?"

పొట్ట మీద కుడివైపు కింద చూపించింది. డాక్టర్లు చేయగా చూసినట్టే అక్కడ వేళ్లతో లోతుగా నొక్కి, చటుక్కున చెయ్యి తీశాడు. ఆమె అదరలేదు. పెదవి కూడా కదల్లేదు.

"పదికి ఎంత?"

"మూడు, డాడీ."

"కక్కినవంట?"

"క్యాంటీన్ల ఏదో తిన్న. ఇప్పుడు తగ్గింది."

ఆమె అబద్ధమాడలేదు. ఆ క్షణాన, అతని చెయ్యి పొట్ట మీద ఉన్నంతసేపూ, ఆమెకు నిజంగానే తగ్గింది. అది అతనికి మర్నాటి వరకు అర్థం కాలేదు.

హాల్లోకి వచ్చి, "ఏం లేదు, పరీక్ష భయం. పండుకోనీ," అన్నాడు.

"నువ్వు ఇవతలికి రాంగనే మల్ల మూలుగుతది, చూడు. నా ముందర ఒక తీరు, నీ ముందర ఒక తీరు ఉంటది."

"అంటే నీ ముందర నాటకాలు ఆడుతున్నదన్నట్టు."

"నాటకం ఎవ్వరి ముందర ఆడుతున్నదో నాకు తెల్వది. జెర నా మాట విని పోదాం పా, నీకు దండం పెడుత."

"జ్యోతీ, నొప్పి గురించి నువ్వు నాకు చెప్తవా?"

గొంతు పెంచలేదు. అడిగి, జవాబు కోసం నిలబడ్డాడు. జ్యోతి వంటింట్లోకి వెళ్లి వేడినీళ్ల సంచి నింపింది. ఆ రోజు తాను ఒక్కతే ఆటో పిలుచుకుని పిల్లను తీసుకుపోకపోయానే అని ఆమె తర్వాత తల బాదుకుంది. ఆమెకూ ఆ ఇంట్లో ఆ ప్రశ్నల ముందు నోరు పెగలక ఏళ్లయింది.

పొద్దున స్నిగ్ధ ఏమీ తినకుండా, కాస్త ముందుకు వంగి, లిఫ్టు వైపు నడిచింది. బూట్లు వేసుకుంటున్న చంద్రకాంత్ తలెత్తి చూశాడు.

"నిటారుగ నడువు బిడ్డా."

ఆమె నిటారుగా నిలబడి, లిఫ్టు తలుపు మూసుకునేదాకా అలాగే ఉంది.

ల్యాబులో నిషిత అతని గది గుమ్మం దగ్గర నిలబడి ఉంది. లోపలికి రానా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది.

"సార్, మీకొకటి చూపియ్యాలె."

ఫోను అతని చేతిలో పెట్టింది. వీడియోలో గాజుపలక మీద కాలు వాచిన ఎలుక, పక్కనే నిషిత చేతులు. వేడి తగలగానే ఎలుక చటుక్కున కాలు లాగి నాక్కుంది. ఎలా ఉండాలో అలాగే ఉంది. ఆమె వేలితో తెర జరిపి రెండోది చూపించింది. అదే ఎలుక, అవే చేతులు. ఈసారి పక్కన స్టూలు మీద ఒక తెల్లకోటు వేలాడుతోంది. వేడి తగులుతూనే ఉంది. ఎలుక కదల్లేదు. మిషనే ఆగిపోయింది.

"ఆ కోటు ఎవరిది?"

"మీదే సార్. మీరు లేనప్పుడు తెచ్చి పెట్టిన. అన్నిటితోని చేసి చూసిన. కోటు ఉంటే కాలు తీస్తలేవు. కోటు తీసేసి జెరసేపు ఆగితే మల్ల తీస్తున్నయి."

"మొగోళ్ల వాసనకు ఎలుకలు బెదురుతయని ఇంతకుముందే తెలిసిందే కద," అన్నాడు చంద్రకాంత్. దొరికిన కొమ్మను పట్టుకున్నాడు.

"సంగయ్య అంగీ కూడ పెట్టి చూసిన సార్." ఎలుకలకు రోజూ మేత వేసి పంజరాలు కడిగేది సంగయ్య. "దానికి ఏం కాలే. ఆయన వాటికి అలవాటైండు."

"అంటే?"

నిషిత నేల చూపులు చూసింది. "మీరంటే భయపడుతున్నయి సార్. భయం పుట్టినప్పుడు నొప్పి తెల్వకుండ ఒళ్లు తన దగ్గరున్నదంతా వదిలేస్తది. స్లైడ్లల్ల పచ్చదనం అందుకే పోయిందనుకుంట. మీరు పరీక్షప్పుడే వస్తరు, అయిపోంగనే పోతరు. ఆ వారం రోజులు మీరు కూసోలే. వాటికి మీరు గట్లనే తెలుసు."

"ఇది నీకు ఎప్పటి సంది తెలుసు?"

"వారం దాటింది సార్."

"ఎందుకు చెప్పలే?"

ఎప్పుడూ జవాబు వచ్చేదాకా నిలబడే మనిషి ఈసారి నిలబడలేకపోయాడు. ఫోను తెర మీద ఎలుక ఇంకా అలాగే ఉంది, నాలుగు కాళ్లూ గాజుకు అంటించుకుని, కళ్లు తెరిచి. ఆ కళ్లను అతను నిన్న సాయంత్రం తన ఇంట్లో, మంచం మీద చూశాడు. కుడివైపు కింద. నొక్కి వదిలిన తన వేళ్లు. కదలని పెదవి. మూడు, డాడీ.

కారు తాళాలు తీసుకుని మెట్లు దిగాడు. కాలేజీకి ఫోను చేయబోతుంటే జ్యోతి నుంచే వచ్చింది. ఆమె గొంతు గుర్తుపట్టేలా లేదు.

"పిల్ల పరీక్ష హాల్ల పడిపోయిందట. పటాన్‌చెరు దవాఖానకు తీస్కపోతున్నరు. నేను ఆటోల వస్తున్న, నువ్వు జల్దీ రా."

హైవే మీద లారీలు బారులు తీరి ఉన్నాయి. ముందున్న ట్యాంకరు వెనకాల నిలిచిపోయి, అతను స్టీరింగు మీద తల ఆనించి, నిన్న తన చెయ్యి ఎక్కడ నొక్కిందో అక్కడ, తన పొట్ట మీద, నొక్కుకుని చూసుకున్నాడు. అలా ఎందుకు చేశాడో తర్వాత ఎంత ఆలోచించినా అతనికే తెలియలేదు.

సర్జన్ ప్రభాకర్ అతని కంటే చిన్నవాడు, తొందరలో ఉన్నాడు. "అపెండిక్స్ పగిలింది సార్. కడుపంతా చీము నిండింది. నిన్న సాయంత్రం తెచ్చుంటే చిన్న ఆపరేషన్, వెంటనే ఇంటికి పోయేది. ఇప్పుడు కడుపు తెరిచి కడగాలె. రిస్కు ఉంది. నిన్న నొప్పి అనలేదా పాప?"

జ్యోతి భర్త వైపు చూసింది. పది మంది ముందు అతన్ని నిలదీయడానికి ఆమెకు అంతకంటే హక్కున్న సమయం రాదు. అయినా ఏమీ అనలేదు. అని ఉంటే అతనికి కాస్త తేలికయ్యేది.

"అన్నది," అన్నాడు చంద్రకాంత్. "నేను చూసిన. నాకు కనపడలే."

ఆపరేషన్ అయింది. స్నిగ్ధ బతికింది. ఐసీయూలో జ్వరంతో కాలిపోయిన రోజుల్లో అతను గాజు తలుపు బయట కుర్చీలో కూర్చుని ఉండిపోయాడు. ల్యాబు నుంచి ఫోన్లు వస్తే తీయలేదు. తర్వాత ఆమెను గదికి మార్చారు. పొట్ట మీద పొడుగాటి కట్టు, పక్కనుంచి ఒక గొట్టం, చేతికి సెలైను. ఏసీ చల్లగా ఉందని చంద్రకాంత్ తన స్వెటర్ విప్పి ఆమె పాదాల మీద కప్పాడు. కుర్చీ మంచం పక్కకు లాక్కుని కూర్చున్నాడు. అడగడానికి నోటిదాకా వచ్చిన ప్రశ్నను మింగేశాడు.

ఆ ప్రశ్న నర్సు అడిగింది. కేరళ అమ్మాయి, తెలుగు కొత్తగా నేర్చుకున్నట్టుంది.

"నొప్పి ఎట్ల ఉంది పాప? పదికి ఎంత?"

స్నిగ్ధ కళ్లు నర్సు మీద నుంచి తండ్రి మీదికి వచ్చి, మళ్లీ నర్సు దగ్గరికి వెళ్లాయి.

"మూడు," అంది.

"గుడ్. మూడు అంటే ఇంజెక్షన్ ఇప్పుడు అక్కర లేదు," అని నర్సు వెళ్లబోయింది.

చంద్రకాంత్ చూశాడు. బిడ్డ ముఖంలో ఏమీ లేదు. పై పెదవి మీద సన్నగా చెమట పట్టింది, అంత చల్లని గదిలో. స్వెటర్ కింద కాలివేళ్లు ముడుచుకుని ఉన్నాయి. ఇన్నేళ్లూ ఈ పిల్లను గట్టిదని ఊరంతా చాటుకుని తిరిగినందుకు అతనికి చచ్చేంత సిగ్గేసింది. ముద్దు చేయాల్సిన చోటల్లా పరీక్ష పెట్టాడు. ఏడుపును చెరిపేసి దాని మీద అంకె రాశాడు. ఆ అంకెను నమ్మి బిడ్డను చావు దాకా పంపాడు.

లేచాడు. తన వాసన అంటుకున్న ఆ స్వెటర్‌ను ఆమె పాదాల మీద నుంచి మెల్లగా తీసి చంకన పెట్టుకున్నాడు. జ్యోతి తెల్లబోయి చూసింది.

"చలి పెడుతది కద దానికి! అదెందుకు తీస్తున్నవ్?"

"నీ శాలువ కప్పు," అన్నాడు. గుమ్మం దగ్గర నర్సుతో, పిల్లకు వినబడకుండా, "సిస్టర్, నేను పోయినంక మల్ల ఒకసారి అడుగుండ్రి. వెంటనే వద్దు, జెరసేపు ఆగి," అని బయటికొచ్చి తలుపు దగ్గరికి వేశాడు.

వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఫినాయిల్ వాసన. ఎవరో ముసలామెను చక్రాల కుర్చీలో తోసుకుపోతున్నారు. ఎలుకలకైతే వారం సరిపోతుందని తన చేత్తో రాశాడు. పదహారేళ్ల పిల్ల దగ్గర ఎంతకాలం చెయ్యి చాపి ఊరికే కూర్చోవాలో, కూర్చున్నా ఆ పిల్ల వచ్చి ముట్టుకుంటుందో లేదో, అతనికి తెలియలేదు.

తలుపు సందులోంచి స్నిగ్ధ గొంతు వినబడింది. "మమ్మీ, డాడీ బయటికి పోయిండా?"

"పోయిండు బిడ్డా."

"నిజంగ పోయిండా?"

"పోయిండు."

కొంతసేపు ఏ చప్పుడూ లేదు. తర్వాత సన్నగా మొదలైంది. మొదట మూలుగు, ఆపైన వెక్కిళ్లు, ఆపైన గొంతు చించుకుని "అమ్మా" అన్న కేక. "తొమ్మిది... సిస్టర్, తొమ్మిది... నా వల్ల అయితలేదు..." నర్సు అడుగులు గబగబా కదిలాయి. జ్యోతి ఏదో అంటూ ఓదారుస్తోంది.

ఆ ఏడుపు చంద్రకాంత్‌కు తెలుసు. సైకిల్ మీద నుంచి పడి పరుగెత్తుకొచ్చిన రోజున విన్నాడు, మళ్లీ ఇప్పుడే. అతని కాలు దానంతటదే తలుపు వైపు కదిలింది. లోపలికెళ్లి బిడ్డ తల గుండెకు ఆనించుకోవాలనిపించింది. చెయ్యి తలుపు మీద పెట్టాడు, తీసేశాడు. అతను వెళ్తే ఆ ఏడుపు ఆగిపోతుంది. మందు కూడా ఆగిపోతుంది.

స్వెటర్ నోటికి అడ్డం పెట్టుకుని, తలుపు ఇవతలే నిలబడ్డాడు.